పక్కకు తోసిన పువ్వు

ఆ సోమవారం పొద్దున్న లెక్క చూసుకుంటే నా చేతిలో ఉన్నవి నడుమ చిల్లు మిగిలిన ఒక లేసు వస్త్రం, మూసి ఉన్న ఒక గది తలుపు, నాతో సరిగ్గా మాట్లాడని ఇద్దరు ఆడవాళ్లు.

వస్త్రం చర్చిది. కోత పండుగ నాడు మా సంఘంలో అందరూ తొలి ధాన్యం, అరటి గెలలు, కోడిపెట్టలు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. మాది లేసు అమ్ముకునే ఇల్లు కాబట్టి మా తొలిఫలం లేసే. ఈసారి బలిపీఠం మీద పరిచే వస్త్రమే కొత్తది ఇస్తామని పాస్టరుగారికి మాట ఇచ్చాను. అంచులూ మూలలూ నాకు పనిచేసే ఆడవాళ్లు అల్లారు. అతుకులన్నీ అయ్యాయి. నడిమి పువ్వు ఒక్కటే రావాలి. అది మా అమ్మ రెబెక్కా అల్లాలి. పాత వస్త్రానికి కూడా ఆవిడే అల్లింది. ఆ పువ్వు కాగితం మీద ఎక్కడా లేదు. ఆవిడ చేతిలో ఉంది, అంతే.

తలుపు అమ్మ గదిది. గడియ వేసి ఉంటే కొట్టేవాణ్ని. ఊరికే మూసి ఉన్న తలుపుని ఏం చేయాలో నాకు తోచలేదు.

శనివారం నేను చేసిన పని నరసాపురం రేవు దాకా పాకింది కాబట్టి దాచేదేం లేదు. శనివారం మా ఇంట్లో సరుకు చూసే రోజు. నల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఒక్కో ముక్కా వేసి అరచెయ్యి ఆడిస్తాను. కళ్లు మోసపోతాయి గాని అరచెయ్యి మోసపోదు. నునుపుగా ఉన్నది కుడిపక్కకి, ఎత్తుపల్లం తగిలింది ఎడమపక్కకి. ఎడమపక్కకి పోయింది మళ్లీ బల్ల ఎక్కదు. ఆ రోజు ఒక పువ్వు చేతికి తగిలింది. అంచంతా అలలు. ఎవరిదని అడక్కుండా ఎడమపక్కకి తోసేశాను. ఇది అల్లిన మనిషిని సూది పట్టడం మొదటి నుంచి నేర్చుకోమనండి అని కూడా అన్నాను.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరూ నవ్వలేదు. తలెత్తితే గుమ్మంలో అమ్మ ఉంది. నేను తోసేసిన నడిమి పువ్వు ఆవిడదే.

కళ్లకి గంతలు కట్టినా మా అమ్మ లేసు ఏరి చూపిస్తానని ఈ ఊళ్లో నేను చెప్పని మనిషి లేడు. నా వ్యాపారం ఆ మాట మీద నిలబడింది. ఆ చెయ్యే ఆవిడని గుర్తుపట్టలేదు.

నా భార్య ప్రసన్నకుమారి కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడుకే ఆ సోమవారం ఎలా గడుస్తుందో తెలిసిపోయింది.

"అత్తయ్య గదిలోంచి ఫోను చప్పుడు రావట్లేదండి," అంది.

"మంచిదేగా."

"మంచిది కాదు. పొద్దున్నే ప్రార్థన పెట్టుకుంటారు. ఇయ్యేళ అదీ లేదు. నాకు భయంగా ఉంది."

భయమైతే వెళ్లి చూడమన్నాను. నలుగురిలో తీసిపారేసింది మీరు, చూడాల్సింది మీరు అంది. నేను పారేసింది లేసుని గాని మనిషిని కాదన్నాను. ఆ తేడా మీకు తెలుసేమో, ఆవిడకి తెలియదంది. అక్కడి నుంచి మాట ఎప్పుడూ తిరిగే మలుపే తిరిగి, ఆ ఫోను కొనిచ్చిందెవరన్న దగ్గరికి వచ్చి ఆగింది.

కొనిచ్చింది నేనే. పోయిన వానాకాలం లోవమ్మ చనిపోయాక కొన్నాను. లోవమ్మది రేవు పక్క, చేపలు పట్టుకునే పల్లెకారుల ఇల్లు. అమ్మా ఆవిడా కొత్తకోడళ్లుగా ఉన్నప్పటి నుంచి మధ్యాహ్నం పూట మా వీధి అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని లేసు అల్లారు. పాత వస్త్రంలో అమ్మది పువ్వయితే చుట్టూ తీగలు లోవమ్మవి. ఆవిడ పోయాక అమ్మ సూది ఒళ్లో పెట్టుకుని కూర్చునేది, అల్లేది కాదు. పాటలైనా వింటుందని ఫోను తెచ్చి ఇచ్చాను.

మొదట్లో పాటలే. తర్వాత ప్రార్థనలు, వంటలు, ముక్కూమొహం తెలియని వాళ్ల పెళ్లిళ్లు, లారీ బోల్తాలు, ఎక్కడివో కోతిపిల్లలు. మోకాళ్ల నొప్పులకి మందు అమ్మే ఒకతను ప్రసంగీకుడిలాగా గొంతు పెడితే అతనికి కూడా ఆమెన్ అంది. కుడిచెయ్యి అన్నానికి, ఎడమచెయ్యి ఫోనుకి. ఆ ఎడమచేతి బొటనవేలు బొమ్మల్ని పైకి తోస్తూనే ఉండేది. మధ్యాహ్నం కునుకు తీసినా దుప్పటి మీద ఆ వేలు కదిలేది. చర్చి గంట వినపడలేదన్న రోజు కూడా ఒకటి వచ్చింది. గంట మా పెరటి గోడ అవతలే ఉంది.

ఒకసారి నేను వైఫై పెట్టె పీకేశాను. అమ్మ ఫోను చీరకొంగులో చుట్టుకుని పెద్దింట్లమ్మ ఇంటికి పోయి, వాళ్ల అరుగు మీద కూర్చుని చూసుకుంది. పెద్దింట్లమ్మ మా పనివాళ్లలో నోరున్న మనిషి. రాజుగారింట్లో నెట్టుకి కూడా కరువొచ్చిందంట అని నా మీద రేవంతా చాటింది. పెట్టె మళ్లీ తగిలించాను.

ఇదంతా తవ్వుకుంటూ మేమిద్దరం నిలబడి ఉండగా ఆ తలుపు తెరుచుకుంది.

అమ్మ తల దువ్వుకుని ఉంది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో నేను పక్కకు తోసిన పువ్వు.

"నల్లగుడ్డ పరు," అంది.

పరిచాను. పువ్వు దాని మీద వేసింది.

"ఎందుకు తీసేశావో చెప్పు, సత్తీ. కొడుకులా చెప్పకు. సరుకు చూసేవాడిలా చెప్పు."

ప్రసన్న వంక చూశాను. తను తల తిప్పుకుంది. ఇక చెప్పాను. నడుమ బాగానే ఉంది. రేకలు మొదలైన చోట పట్టు పోయింది. అలవాటు లేని చెయ్యయితే తప్పు ఎక్కడపడితే అక్కడ ఉంటుంది. ఇది అలా లేదు. ప్రతి రేకా బిగువుగా మొదలైంది, చివర వదులైంది. మళ్లీ బిగువు, మళ్లీ చివర వదులు. నేర్చుకుని చేసినట్టుంది తప్పు.

"చూపించు."

ఆవిడ వేలు పట్టుకుని దాంతోనే తడిమించాను. ఇక్కడ, ఇక్కడ, మళ్లీ ఇదిగో ఇక్కడ. అమ్మ వేలు చల్లగా ఉంది.

ఆవిడ కుర్చీలో కూర్చుని సూదీ దారం తీసింది. కుడిచేత్తో కొక్కెం సూది ఆడించడం అందరికీ కనపడుతుంది. అసలు పని ఎడమచేతి బొటనవేలిది. అల్లినంత మేరా జారకుండా నొక్కిపట్టి ఉంచేది అదే. అమ్మ ఒక చిన్న రేక అల్లింది. మేం చూస్తున్నాం. రేక చివరికి వచ్చేసరికి ఆ బొటనవేలు, ఎవరూ చెప్పకుండానే, పైకి జరిగింది. ఫోను మీద బొమ్మని తోసినట్టు తోసింది. పని జారింది. కుట్టు వదిలింది.

ఇంకో రేక అల్లింది. మళ్లీ జరిగింది.

వరద రోజుల్లో గోదావరి గట్టు చూశాను. అంతసేపూ నిలబడే ఉంటుంది. చప్పుడు లేకుండా ఒక పెళ్ల విడిపోయి నీళ్లలోకి కూర్చుంటుంది. ఆ వేలిని చూస్తుంటే నాకు ఆ గట్టే కనపడింది. డెబ్భై దాటిన మనిషి చేతిలో, పుట్టినప్పటి నుంచి ఆవిడదే అయిన వేలు ఇంకెవరి మాటో వింటోంది.

"ఇది నా వేలు కాదురా," అంది అమ్మ, మెల్లగా.

నేను ఫోను కోసం చెయ్యి చాపాను. ఆవిడ ఇవ్వలేదు.

"నీ చేత పాలు మానిపించడానికి నేను వేపరసం పూసుకున్నాను. నువ్వేం చేశావో తెలుసా? ఏడ్చి ఏడ్చి గుమ్మం దిగి పోయి లోవమ్మ ఒళ్లో దూరేవు. లాక్కుంటే అలాగే అవుద్ది. నేనూ పెద్దింట్లమ్మ అరుగెక్కేను కదా."

"మరేం చేద్దామంటావు?"

"నేనే పెడతాను. పెట్టిన చోట నాకు కనపడాలి. కనపడకపోతే వెతుక్కుంటాను."

అరుగు మీది దారం బుట్టలో ఉండల మధ్య ఫోను పెట్టింది. తర్వాత పువ్వు చివరి ముడి పళ్లతో కొరికి, దారం పట్టి లాగింది. లేసు సంగతి తెలియని వాళ్లకి చెబుతున్నాను: ముడి ఊడిందంటే ఒక్క దారమే, ఎంత పనైనా వచ్చిన దారినే వెనక్కి పోతుంది. రేక తర్వాత రేక విప్పుకుపోయింది. అమ్మ లాగుతోంది, నేను ఉండ చుడుతున్నాను. చివరికి బల్ల మీద నల్లగుడ్డ మిగిలింది. ఉండలోని దారానికి మాత్రం వంకరలు పోలేదు.

ఆ మధ్యాహ్నం అవతలి ఒడ్డుకి పోయే పంటు కూత పెట్టినప్పుడు అమ్మ అరుగు మీద కూర్చుంది. బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుంది. పీలిక లోపల వేలు గింజుకోవడం నాకు గుమ్మంలోంచి కనపడుతోంది. టైమెంతయిందని ప్రసన్నని అడిగింది, కాసేపటికి మళ్లీ అడిగింది. మోగని ఫోను మోగిందంది. అన్నంలో ఉప్పెక్కువైందంది, మజ్జిగలో తక్కువైందంది. అరికాళ్లు మండుతున్నాయని నీళ్లు పోసుకుంది. నిద్ర పట్టక మర్నాడు పొద్దున్నే మొహం ఉబ్బి లేచింది. అల్లింది, విప్పింది, అల్లింది. దారం మాసిపోతోంది గాని పువ్వు ముందుకి సాగడం లేదు.

బుధవారం ఏం జరిగిందో నేను చూడలేదు. బజారు నుంచి వచ్చేసరికి అరుగు ఖాళీగా ఉంది. బుట్టలో ఫోను లేదు. మూసిన తలుపు వెనక నుంచి ఎవరో ఆడమనిషి బెండకాయ పులుసు పెట్టే విధానం చెబుతోంది.

నేను వ్యాపారస్థుణ్ని. పోయే సరుకు ఏదో, నిలిచే సరుకు ఏదో తొందరగా తేల్చుకోవాలి. నడిమి పువ్వు పెద్దింట్లమ్మకి ఇద్దామని ప్రసన్నతో అన్నాను. తనకి తెలిసిన పువ్వు తను అల్లుతుంది, పండుగకి వస్త్రం అందుతుంది.

"ఆ పువ్వు ముందు అత్తయ్య మోకరించరు," అంది ప్రసన్న. "ఆ ఆదివారం ఒంట్లో బాగాలేదంటారు. ఆ పై ఆదివారం కూడా అదే అంటారు. ఇక ఆ గదిలోంచి రారు. అందుకు సిద్ధమైతే ఇచ్చేయండి."

"మూడు రోజులు చూశాను కదా."

"మీరు సరుకు చూశారు, మనిషిని చూడలేదు." తను గొంతు తగ్గించింది. "రేక అయిన ప్రతిసారీ అత్తయ్య తలెత్తి ఎదురుగా చూస్తున్నారు. అక్కడ ఎవరూ లేరు. అప్పుడు కదులుతోందండి ఆ వేలు."

 చిన్నప్పటి నుంచి ఆ అరుగు దాటి బడికి పోయినవాణ్ని, బజారుకి పోయినవాణ్ని. ఒక రేక అయిందంటే అమ్మ దాన్ని పైకెత్తి లోవమ్మకి చూపించేది. లోవమ్మ గడ్డం ఎగరేసి తనది చూపించేది. మాట ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఆ చూపు అయ్యాకే తర్వాతి రేక. ఆ చూపు పోయిన ఖాళీలోకే నేను తెచ్చిన ఫోను పోయి కూర్చుంది. రేకకి ఒక చూపు బదులు రేకకి ఒక తోపు.

అయితే నువ్వు కూర్చోరాదా ఎదురుగా అన్నాను. మొన్న కూర్చున్నాను, కోడలు కాపలా కాస్తోందన్నారు, ఈసారి మీ వంతంది. నాకు సూది పట్టడం రాదు కదా అన్నాను.

"అందుకే మిమ్మల్ని కూర్చోమంటున్నాను."

గురువారం మధ్యాహ్నం నేను అరుగు మీద, లోవమ్మ కూర్చునే చోట, మఠం వేసుకుని కూర్చున్నాను. చేతిలో సూది ఉంది. నా ఫోను తీసి బుట్టలో పెట్టాను. అమ్మ గదిలోంచి తొంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత వచ్చి, తన ఫోను నా ఫోను పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుంది. పీలిక విప్పేసింది.

నాకు గొలుసు కుట్టు నేర్పించింది. లేసులో మొదట నేర్చుకునేది అదే. అయిదేళ్ల పిల్లకి కూడా వస్తుంది, నాకు రాలేదు. దారం ఏ వేలి మీద నుంచి వస్తోందో మర్చిపోయేవాణ్ని. సూది దారాన్ని వదిలి నా వేలిని పట్టుకునేది.

ఆ దారిన పోతున్న పెద్దింట్లమ్మ ఆగింది.

"ఏంటండీ రాజుగారూ, వ్యాపారం ఎత్తేసి కూలికి దిగేరా?"

"కూలికి కూడా పనికిరాడే," అంది అమ్మ, చేతిలో పని ఆపకుండా. "చూడు ఆ గొలుసు. చేపలు పట్టుకోవచ్చు."

పెద్దింట్లమ్మ నవ్విన నవ్వుకి రోడ్డు మీద సైకిలాయన వెనక్కి తిరిగి చూశాడు. అమ్మ కూడా నవ్వింది. మా ఇంట్లో ఆవిడ నవ్వు విని ఎన్నాళ్లయిందో. ఫోను చూసి కూడా ఎప్పుడూ నవ్వలేదు, ఆ మాటకొస్తే. ఊరికే తోసేది.

అప్పుడే బుట్టలో నా ఫోను గుర్రుమంది. ఏలూరు పార్టీ అయ్యుంటుంది, దారం లారీ అయ్యుంటుంది. నేను లేవలేదు. సూది కూడా కింద పెట్టలేదు. అయినా అమ్మ నా చెయ్యి వంకే చూస్తోంది.

"నీదీ కదిలింది," అంది.

దించి చూసుకుంటే నా ఎడమచేతి బొటనవేలు గాలిలో ఉంది.

 ఆవిడ తన రేక పూర్తిచేసి తలెత్తింది. నేను నా వంకర గొలుసు ఎత్తి చూపించాను. ఆవిడ తనది ఎత్తింది. చూడు అన్నట్టు గడ్డం ఎగరేసింది.

అప్పుడు చూశాను నేను.

దారం ఉండగా వస్తుంది నా దగ్గరికి, లేసుగా పోతుంది. ఈ చివర నాకు తెలుసు, ఆ చివర నాకు తెలుసు. బరువు తెలుసు, నునుపు తెలుసు, ఏ ఊరి చెయ్యి ఎలా ఉంటుందో తెలుసు. నడుమ ఏం జరుగుతుందో ఇన్నేళ్లలో ఒక్కసారి కూర్చుని చూడలేదు. అమ్మ సూది లోపలికి పోయి, దారాన్ని పట్టి, బయటికి వచ్చింది. అంతవరకు అక్కడ ఏమీ లేదు. సూది వచ్చాక ఒక దారపు కన్ను ఉంది. ఉత్త ఖాళీ చుట్టూ దారం తిరిగింది, ఆ ఖాళీకి ఒక ఆకారం వచ్చింది. దాని పక్కన ఇంకోటి. ఆవిడ చూడటం కూడా లేదు. లోవమ్మ పెళ్లినాటి వాన గురించి చెబుతోంది. కొక్కెం చేపముల్లంత సన్నం. అది వెలుతురులో మెరిసి మాయమవుతోంది, మెరిసి మాయమవుతోంది, దాని వెనక పువ్వు పుడుతోంది. చర్చిలో వంచని తల నాకు అక్కడ దానంతట అదే వంగింది.

"అప్పుడు పడవ ఎవరిదంటావు?" అని అడిగింది అమ్మ, వాన కథ మధ్యలో.

నాకు తెలియదన్నాను. ఆలోచించి చెప్పమంది. ఆలోచించాను. నేను జవాబు చెప్పేదాకా ఆవిడ ఆగింది. ఆగినంతసేపూ బొటనవేలు పని మీదే ఉంది. ఫోను ఎప్పుడూ ఆవిడని ఏమీ అడగలేదు. అడిగి ఆగలేదు.

అలాగని తేలిగ్గా తెమిలిందనుకోకండి. ఆ పువ్వు తర్వాత కూడా విప్పింది. ఒకరోజు మధ్యాహ్నం నేను గోదాములో చిక్కుకుపోయి రాలేకపోతే సాయంత్రానికి గదిలోంచి కోతిపిల్లల గోల వినపడింది. మర్నాడు ఆవిడ నన్ను తిట్టింది, నేను ఆవిడని తిట్టాను, ప్రసన్న ఇద్దరినీ తిట్టింది. అన్నాలు తిని మళ్లీ అరుగెక్కాం. నాకు గొలుసు అయ్యి గుండ్రం వచ్చింది. అది గుండ్రమని నేను చెబితే గాని తెలిసేది కాదు.

పండుగ దగ్గరికి వచ్చేసింది. పువ్వులో సగం రేకలు పూర్తయ్యాయి. ఆ రోజు అల్లుతూ అల్లుతూ అమ్మ చెయ్యి చాపింది.

"ఫోను ఇలా ఇవ్వు."

గుమ్మంలో ప్రసన్న చేతిలోని చాట ఆగిపోయింది. నేను కదల్లేదు.

"ఇవ్వరా. నువ్వు రోజూ ఇక్కడ కూర్చుంటే వ్యాపారం ఎవరు చేస్తారు?"

ఇచ్చాను. బొటనవేలు అద్దం మీదికి పోయింది. ఒకసారి తోసింది. ఇంకోసారి తోసింది.  ఆవిడ కళ్లు చికిలించి, నా వైపు తిప్పింది.

"రత్నం పేరు ఎక్కడుందో కనపడట్లేదు. వెతికి పెట్టు."

నూకరత్నం లోవమ్మ కోడలు. లోవమ్మ పోయాక అమ్మ ఆ ఇంటి గడప తొక్కలేదు, ఆ పిల్లతో మాట్లాడలేదు. పొద్దున్న చేపలమ్ముకుని మధ్యాహ్నం ఇంట్లోనే లేసు అల్లుకుంటోందని మాత్రం నాకు తెలుసు. నంబరు నొక్కి ఇచ్చాను.

"రత్నం, నేనే," అంది అమ్మ. దారం ఉండని ఒళ్లో ఇటూ అటూ దొర్లించింది.  "మీ అత్త కూర్చునే చోట మా వాడు కూర్చుంటున్నాడే. చూడలేకపోతున్నాను. రా."

మర్నాడు పంటు కూతకి నూకరత్నం వచ్చింది. చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని వచ్చినా చేపల వాసన కొంచెం ఉంది. నేను జరిగి చోటిచ్చాను. ఆ పిల్ల కూర్చుని, దారం ఒకసారి తన వైపు, ఒకసారి బయటికి లాగి, చిటికెన వేలికి చుట్టుకుంది. అలా లాగి చుట్టుకోవడం నరసాపురంలో ఒక్క లోవమ్మకే అలవాటు.

అమ్మ సూది ఆగింది.

"ఎవరు నేర్పేరే అలాగ?"

"మా అత్తేనండి. ఇంకెవరు నేర్పుతారు, రెబెక్కత్తా."

"మరి ఇన్నాళ్లూ రాలేదే?"

"మీరు పిలవలేదుగా," అంది నూకరత్నం. "రెండుమాట్లు అరుగు దాకా వచ్చేను. మీరు ఫోను చూసుకుంటున్నారు. తలెత్తుతారేమోనని నిలబడి, ఎల్లిపోయేను."

అమ్మ తల దించుకుని రేక పూర్తిచేసింది. పూర్తిచేసి, పైకెత్తింది. ఎదురుగా నూకరత్నం గడ్డం ఎగరేసి తనది చూపించింది. నేను ఆ ఇద్దరి మధ్యలో నుంచి పక్కకి జరిగాను. నా గుండ్రం పట్టుకుని లోపలికి పోయాను.

పండుగ ముందు శనివారం సరుకు చూసే బల్ల దగ్గర అందరూ ఉన్నారు. అమ్మ వచ్చి నా కుర్చీలో కూర్చుంది.  నడిమి పువ్వు నల్లగుడ్డ మీద వేసింది.

"కళ్లు మూసుకో," అంది నాతో.

మూసుకుని అరచెయ్యి వేశాను. నాకు అలవాటైన అమ్మ చెయ్యి కాదది. ఇదివరకటి కంటే పట్టు కొంచెం లేత. ఈసారీ గుర్తుపట్టేవాణ్ని కాదేమో. కాని ఎత్తుపల్లం లేదు. గాలి లేని పొద్దున గోదావరి మీద చెయ్యి పెట్టినట్టుంది. ఒక చివర నుంచి ఇంకో చివరకి చెయ్యి పోయింది, ఎక్కడా ఏదీ ఆపలేదు. విప్పి విప్పి వంకరలు పడ్డ దారమే అది. ఆ వంకరలు ఎక్కడికి పోయాయో నాకు అర్థం కాలేదు. కళ్లు తెరవడానికి కాసేపు పట్టింది.

"కుడిపక్కకి," అన్నాను. 

అమ్మ తలూపింది. అప్పుడు తన కొంగు ముడిలోంచి ఇంకో ముక్క తీసి బల్ల మీద వేసింది. నా గుండ్రం. ఎప్పుడు తీసిందో తెలియదు. నేను అడ్డుకునేలోపు దాని మీద అరచెయ్యి ఆడించింది, నేను ఆడించినట్టే, మొహంలో ఏ భావమూ లేకుండా.

"ఇది అల్లిన మనిషిని సూది పట్టడం మొదటి నుంచి నేర్చుకోమనండి," అని ఎడమపక్కకి తోసేసింది.

పెద్దింట్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నూకరత్నం గోడ వైపు తిరిగిపోయింది. ఆఖరికి ప్రసన్న కూడా ఆపుకోలేకపోయింది.

ఇక లెక్క తేల్చాలి. పోయింది, గంతలు కట్టినా గుర్తుపడతానన్న నా గొప్ప. ఇక ఎవరితోనూ అనను. వచ్చింది, బలిపీఠం మీదికి ఒక పువ్వు. అరుగు మీద ఎదురెదురుగా ఇద్దరు. ఒక కన్ను ఖాళీలోంచి పుట్టడం దగ్గరగా చూసిన మధ్యాహ్నాలు. వీటికి తోడు పక్కకు తోసిన ముక్క ఒకటి, ఇప్పుడు నా చొక్కా జేబులో ఉంది.

ఫోను బుట్టలోనే ఉంది. నేను ఇది చెబుతుండగా కూడా ఒకసారి మోగింది. అమ్మ బొటనవేలు కదిలింది. మోగినప్పుడల్లా కదులుతూనే ఉంది. దారం మాత్రం వదల్లేదు.